నెయ్యి వద్దన్న మనవరాలు, మెంతికూర పాస్తా

దీపావళి సెలవులకు మా మనవరాలు పుణె నుంచి షోలాపూర్ వచ్చింది. వచ్చిన పూటే పప్పన్నంలో నెయ్యి వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. పాలు, పెరుగు, వెన్న అన్నీ మానేసిందట. జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టని ఇలాంటివాళ్లను వీగన్‌లంటారట. పెరుగన్నం లేకుండా భోజనం ముగించడం నేనెరుగను. "మీ అమ్మ తిని పెరిగిన పెరుగే కదా, నీకెందుకు చేదైంది?" అని నోరు జారాను. పిల్ల మారు మాట్లాడకుండా ఆవకాయతో నాలుగు ముద్దలు తిని లేచింది. రెండు రోజులు ముందే వచ్చేస్తానని తల్లికి ఫోన్లో చెబుతుంటే నా చెవిన పడింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే అడిగాను, "అక్కడ గదిలో ఏం వండుకుంటావే?" అని.

"పాస్తా, అమ్మమ్మా. ఆకుకూర వేసి."

"అయితే నాకూ నేర్పు."

పాస్తా అంటే వెన్న, చీజు ఉండాల్సిందే అనుకునేదాన్ని. కాదట. ఇటలీ దక్షిణాన పూలియా ప్రాంతంలో గోధుమరవ్వ, నీళ్లు మాత్రమే కలిపి చిన్న చిన్న చెవుల్లా ఒత్తుతారు. వాటిని ఒరెక్కియెత్తె అంటారు, అంటే చిట్టి చెవులు. బారి నగరం పాతబస్తీలో ఆడవాళ్లు ఇప్పటికీ వీధిలో బల్లలేసుకుని వాటిని చేసి అమ్ముతారు. టర్నిప్ జాతికి చెందిన ఒక చేదు ఆకుకూరతో కలిపి వండుతారు. చాలామంది ఉప్పుచేప కూడా వేస్తారు, అది మానేస్తే మా పిల్లకు పనికొచ్చే వంటే. చీజు కొనలేని ఇళ్లలో ఎండిన రొట్టె పొడిని నూనెలో వేయించి పైన చల్లుకునేవారట. ఆ మాట వినగానే మా ఊరి శేంగా చట్నీ గుర్తొచ్చింది. పల్లీలు, వెల్లుల్లి, కారం, ఉప్పు వేసి దంచిన ఆ పొడి మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. చేదు ఆకుకు మెంతికూర ఉండనే ఉంది.

ముగ్గురికి పావు కిలో పాస్తా సరిపోతుంది. పొట్లం మీద సూజీ లేదా డ్యూరమ్ గోధుమ అని ఉన్నది తీసుకోండి, మైదాది ముద్దవుతుంది. గుడ్డు కలిపినవీ ఉంటాయి, చదివి కొనాలి. రెండున్నర లీటర్ల నీళ్లు తెర్లాక 25 గ్రాముల ఉప్పు, పాస్తా వేయాలి. పొట్లం మీద రాసిన సమయానికి ఇంకా రెండు నిమిషాలుందనగా రెండు చిన్న కట్టల మెంతికూర, ఆకులు మాత్రమే, అందులోనే వేయాలి. మొదటిరోజు నేను తెలివిగా మెంతికూర ముందే వేశాను. నీళ్లన్నీ చేదెక్కి, పాస్తా కషాయంలో ఉడికినట్టయింది. పిల్ల వచ్చాక మొదటిసారి నవ్వింది అప్పుడే!

వార్చేటప్పుడు ఒక కప్పు నీళ్లు తీసి ఉంచండి. మనం అన్నం వార్చిన గంజి లాంటిదే అది. బాణలిలో నాలుగు పెద్ద చెంచాల పల్లీనూనె పోసి, సన్నని సెగ మీద ఎనిమిది వెల్లుల్లి రెబ్బల ముక్కలు, మూడు ఎండుమిరపకాయలు వేయించాలి. వెల్లుల్లి లేత బంగారు రంగు దాటకూడదు. (ఆవాలు, జీలకర్ర వేయబోతే పిల్ల చెయ్యి పట్టుకుంది.) పాస్తా, ఆకు వేసి, అరకప్పు గంజి పోసి, సెగ పెంచి రెండు నిమిషాలు కలియబెట్టాలి. గంజి, నూనె కలిసి చిక్కబడి పాస్తాకు పడతాయి. వెన్న లేని లోటు తెలియనివ్వనిది ఈ గంజే. చాలకపోతే ఇంకాస్త పోయండి. ఉప్పు మళ్లీ వేయకండి, గంజిలోనూ చట్నీలోనూ ఉంటుంది. దించి శేంగా చట్నీ రెండు చెంచాలు చల్లి వేడిగా తినాలి. చల్లారితే బాగుండదు.

మనవరాలు సెలవులన్నీ ఉండే వెళ్లింది. మేం ముగ్గురం కలిసి తిన్న రోజున మా వారు తన పళ్లెంలో ఇంత నెయ్యి వేసుకున్నారు. నేను గుడ్లురిమాను. పిల్ల మాత్రం ఏమీ అనలేదు, చట్నీ గిన్నె తాతగారి వైపు జరిపింది.