చేతిసంచిలో మడతచాకు

లాడ్ బజారులో గాజుల డబ్బాకు పురికొస బిగించి కట్టారు. మీర్ ఆలం మండీలో కొన్న జామకాయ పిల్లకు అప్పుడే కావాలి. కత్తిపీట వెంట తేలేం కదా! మడతచాకంటే మగవాళ్ల జేబులో వస్తువని వదిలేశాం గానీ, అది మనకే ఎక్కువ పనికొస్తుంది.

స్విట్జర్లాండు విక్టోరినాక్స్ వారి బుల్లి చాకు మడిస్తే 58 మిల్లీమీటర్లు, బరువు సుమారు 21 గ్రాములు. అందులోనే ముచ్చటైన కత్తెర కూడా! ఆ పేరులోని విక్టోరియా ఎవరనుకున్నారు? కంపెనీ పెట్టిన కార్ల్ ఎల్సెనర్ తల్లి. 1909లో ఆమె పోయాక కొడుకు ఆ పేరు పెట్టుకున్నాడు.

ఒక్క జాగ్రత్త. ఈ బుల్లి చాకుకు తాళం ఉండదు, అలుగును స్ప్రింగే పట్టి ఉంచుతుంది. మొనతో పొడిచారో, మడతపడి వేలు తెగుతుంది. అంచుతోనే కోయండి. పండు కోశాక కడిగి, బాగా ఆరాకే మడవండి. రసం కీలులో ఎండితే బిగుసుకుపోతుంది. విమానమెక్కే రోజున మాత్రం చేతిసంచిలోంచి తీసి పెద్దపెట్టెలో వేసెయ్యండి.