అన్నం తగ్గిద్దాం, కూర పెంచుదాం

ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో అత్తా కోడళ్ళు, కొడుకు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. వాళ్ళు మాంసం తినరు. గుడ్డు కూడా తినరు.

అత్తకు కొన్నాళ్ళుగా నీరసంగా ఉంది. దాహం ఎక్కువైంది. రాత్రిళ్ళు నాలుగైదు సార్లు లేస్తోంది. ఊళ్ళో ఆశా కార్యకర్త ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయింది. పరగడుపున రక్తం పరీక్ష చేశారు. షుగరు 168 ఉంది. ఇంకో రోజు మళ్ళీ చేశారు. 172 ఉంది. పరగడుపున 100 లోపు ఉంటే మంచిది. 126, ఆపైన ఉంటే షుగరు జబ్బు అంటారు.

డాక్టరు మాత్రలు రాశారు. "అన్నం తగ్గించమ్మా" అని చెప్పారు.

అత్త ఇంటికొచ్చి దిగులుగా కూచుంది.

"అన్నం తగ్గిస్తే కడుపు ఎట్లా నిండుతుంది? మాంసం ముట్టం. గుడ్డు ముట్టం. ఇక గాలి తిని బతకాలా?" అంది.

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. జవాబు మన వంటింట్లోనే ఉంది. చూద్దాం.

అన్నానికీ షుగరుకూ ఏం సంబంధం?

అన్నం తియ్యగా ఉండదు. కానీ అందులో పిండి పదార్థం చాలా ఉంది. మనం తిన్నాక అది కడుపులో, పేగుల్లో అరిగి చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర రక్తంలో కలుస్తుంది. షుగరు జబ్బు ఉన్నవారి ఒళ్ళు ఆ చక్కెరను సరిగా వాడుకోలేదు. అది రక్తంలోనే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి అలా ఉంటే కళ్ళు, మూత్రపిండాలు, కాళ్ళ నరాలు, గుండె పాడవుతాయి.

100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాములు పిండి పదార్థమే. 100 గ్రాముల కందిపప్పులో అది సుమారు 55 గ్రాములు. కానీ పప్పులో మాంసకృత్తులు సుమారు 22 గ్రాములు ఉంటాయి. పీచు కూడా ఉంటుంది. అందుకే పప్పు నెమ్మదిగా అరుగుతుంది. బీరకాయ, సొరకాయ, పొట్లకాయల్లో పిండి పదార్థం 100 గ్రాములకు 5 గ్రాములు కూడా ఉండదు.

కాబట్టి అన్నం తగ్గించాలి. ఆ ఖాళీలో కూర, పప్పు పెంచాలి. పస్తు ఉండనక్కర లేదు.

నలుగురూ చెప్పే మాటలు

"గంజి వార్చితే అన్నంలో షుగరు పోతుంది" అంటారు. కొంచెం పిండి గంజిలో పోతుంది. దానితోపాటు మంచి విటమిన్లూ పోతాయి. మిగిలిన అన్నం అన్నమే.

"రాత్రి చపాతీలు తింటే చాలు" అంటారు. గోధుమలోనూ పిండి పదార్థం బాగానే ఉంది. నాలుగైదు చపాతీలు తింటే లాభం లేదు. ఒకటి రెండు చాలు.

"జొన్నలు, రాగులు ఎంతైనా తినొచ్చు" అంటారు. వాటిలో పీచు ఎక్కువ. అది మంచిదే. కానీ వాటిలోనూ పిండి పదార్థం ఉంది. కొలతగా తినాలి. రాగి జావ గ్లాసులకు గ్లాసులు తాగితే షుగరు పెరుగుతుంది.

"చక్కెర వద్దు, బెల్లం పరవాలేదు" అంటారు. బెల్లం కూడా చక్కెర లాంటిదే. తేనె కూడా అంతే.

అత్త కంచంలో ఏముంది?

మర్నాడు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది.

"పెద్దమ్మా, నిన్న రాత్రి ఏం తిన్నావు?" అని అడిగింది.

"పప్పు పిల్లలకు పెట్టాం. కూర అబ్బాయి తిన్నాడు. ఇంత అన్నంలో ఆవకాయ కలుపుకున్నా. తర్వాత మజ్జిగ పోసుకున్నా."

"మొన్న?"

"మొన్న కూడా అంతే. అందరూ తిన్నాక కూర ఏం మిగులుతుంది?"

"మరి నువ్వేం తిన్నావమ్మా?" అని కోడలిని అడిగింది.

కోడలు తల వంచుకుంది. "నేను అత్తయ్యతోనే తింటాను. నేనూ అంతే" అంది.

చూశారా? కూర, పప్పు ముందు తిన్నవాళ్ళకు పోయాయి. చివర తిన్న ఆడవాళ్ళకు అన్నం, పచ్చడి మిగిలాయి. ఆకలి తీరడానికి అన్నమే ఎక్కువ పెట్టుకున్నారు. మాత్రలు వేసుకున్నా కంచం ఇట్లాగే ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టం.

కంచం ఎట్లా మార్చాలి?

కంచాన్ని నాలుగు భాగాలు అనుకోండి. రెండు భాగాలు కూరలు, ఆకుకూరలు. ఒక భాగం గట్టి పప్పు లేదా గింజలు. ఒక భాగం అన్నం లేదా రొట్టె.

ముందు కూర, పప్పు కొంచెం తినాలి. తర్వాత అన్నం కలుపుకోవాలి. అలా తింటే షుగరు అంత వేగంగా పెరగదు. కడుపు కూడా తొందరగా నిండుతుంది.

బంగాళాదుంప, చామదుంప, కంద, చిలగడదుంప కూరల లెక్కలోకి రావు. వాటిని అన్నం లెక్కలో వేయాలి. అవి వండిన రోజు అన్నం ఇంకా తగ్గించాలి.

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 2024లో అందరికీ కొన్ని సూచనలు ఇచ్చింది. మనకు వచ్చే శక్తిలో ధాన్యాల వాటా సగం కూడా మించకూడదని చెప్పింది. అంటే ఇది షుగరు ఉన్నవారి మాట మాత్రమే కాదు. మనందరి మాట.

ఒక రోజు వంట

పొద్దున: రెండు పెసరట్లు, అల్లం పచ్చడి. పచ్చడిలో బెల్లం వద్దు. పెసలు పొట్టుతోనే రుబ్బాలి.

మధ్యాహ్నం: గిన్నెడు బీరకాయ కూర, గట్టిగా వండిన తోటకూర పప్పు, ఒక కప్పు అన్నం, కొంచెం పెరుగు.

సాయంత్రం: గుప్పెడు శనగల గుగ్గిళ్ళు లేదా ఉడకబెట్టిన పల్లీలు. టీలో చక్కెర వద్దు.

రాత్రి: ఒక జొన్నరొట్టె, వంకాయ కూర, ఉడికించిన ఉలవలు లేదా అలసందలు, పలచటి మజ్జిగ.

అత్తకు వేరే వంట చెయ్యక్కర లేదు. అందరికీ అదే వంట. పిల్లలు ఎదిగేవాళ్ళు. వాళ్ళు అన్నం ఇంకొంచెం పెట్టుకుంటారు.

"రేషను బియ్యం వస్తాయి. పప్పులు కొనాలి గదా?" అంటారేమో. నిజమే. జీడిపప్పు, పనీరు కొనాలని ఎవరూ అనలేదు. ఉలవలు, పెసలు, అలసందలు, పల్లీలు వాడుకోవచ్చు. పెరట్లో తోటకూర, గోంగూర, సొరపాదు పెంచుకోవచ్చు. చక్కెరకు, బెల్లానికి, బిస్కెట్లకు పెట్టే డబ్బు పప్పుకు పెట్టండి.

జాగ్రత్త!

మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు అన్నం ఒక్కసారిగా మానకూడదు. షుగరు బాగా పడిపోవచ్చు. అప్పుడు చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. గుండె దడగా ఉంటుంది. కళ్ళు తిరుగుతాయి. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్ళీ తాగాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు. ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తిండి మార్చే ముందు డాక్టరుకు చెప్పండి. మందు ఎంత వేసుకోవాలో ఆయన చూస్తారు. మీ అంతట మీరు మందు మానకండి. మూత్రపిండాల జబ్బు ఉంటే పప్పు ఎంత తినాలో కూడా అడగండి. గర్భిణులు ఎవరి మాటా విని అన్నం మానకూడదు. డాక్టరును అడగాలి.

30 ఏళ్ళు దాటిన వారందరూ షుగరు పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు.

ఆ రాత్రి

ఆ రాత్రి కోడలు కూర రెండింతలు వండింది. వడ్డించే ముందే రెండు గిన్నెల్లో కూర, పప్పు తీసి పక్కన పెట్టింది.

"అవి ఎవరికి?" అని భర్త అడిగాడు.

"ఒకటి అత్తయ్యకు. ఒకటి నాకు" అంది.

అతను కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "తీసి పెట్టడం ఎందుకు? అందరం కలిసే కూచుందాం" అన్నాడు. అయిదు కంచాలు వేశారు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో చివర ఎవరు తింటారు? వాళ్ళ కంచంలో ఏం మిగులుతుంది?
2. నిన్న మీరు తిన్నవి రాయండి. అందులో కూర ఎంత? అన్నం ఎంత?
3. మీ ఇంట్లో ఎవరెవరికి షుగరు పరీక్ష చేయించాలి? వాళ్ళ పేర్లు రాయండి.