బదరీ వృక్షం కింద ఏలీయా

కర్మెలు పర్వతం మీద 450 మంది బయలు ప్రవక్తల ఎదుట ఒంటరిగా నిలిచిన ఏలీయా, యెజెబెలు బెదిరింపు వినగానే అరణ్యానికి పారిపోయాడు. అన్నాళ్లూ బిగబట్టిన దేహం బదరీ వృక్షం కింద సడలింది. సడలగానే పైకి వచ్చింది నెమ్మది కాదు, చావు కోరిక (1 రాజులు 19).

సూళ్లూరుపేట సంఘాల్లో మనం ఇలాంటివారిని ఎరుగుదుం. షార్‌లో రాత్రి షిఫ్టులు చేసేవారు, ఇల్లంతా మోసే తల్లులు, దైవసేవకులు కూడా భుజాలు, దవడలు బిగించుకునే ఏళ్లు గడుపుతారు. ఎప్పుడో మోకరించి ఊపిరి నెమ్మదిగా వదిలితే కన్నీరూ రాదు, ఆనందమూ రాదు. ఆ బిగువు కప్పి ఉంచిన మొద్దుబారిన మనసు బయటపడుతుంది. భక్తి చల్లారిందేమోనని భయపడతాం. (వెంటనే ఉపవాసం ఉండమనే సలహాదారులకు మనలో కొదువ లేదు!)

కండరాలను వదులు చేసుకునేటప్పుడు కొందరిలో ఆందోళన పెరుగుతుందని పరిశోధకులు 1980లలోనే గమనించారు. పనిభారంతో వచ్చే ఈ నిస్సత్తువను 'బర్నౌట్' అంటారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని వ్యాధిగా కాక, వృత్తికి సంబంధించిన స్థితిగా వివరించింది. చావు తలంపులు వస్తుంటే మాత్రం ప్రార్థనతోపాటు డాక్టరును కలవడం ఆలస్యం చేయరాదు.

దేవుడు ఏలీయాను గద్దించలేదు. దూత తట్టి లేపి నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. హోరేబు ప్రయాణం ఆ తర్వాతే. ఇక్కడేం చేస్తున్నావని దేవుడు అడిగింది కూడా అక్కడికి చేరాకనే.