రోజుకొక్క రూపాయి

ధనాన్ని ఆర్జించడం ఒక విద్య. దానిని సద్వినియోగం చేయడం అంతకన్నా కష్టమైన విద్య. ఇల్లాలు పోపులపెట్టెలోనో, బియ్యపు కుండలోనో నాలుగు రూపాయలు దాచడం మన పల్లెల్లో చిరకాలంగా ఉన్న అలవాటు. 'అప్పు చేసి పప్పుకూడు' తగదని పెద్దల హెచ్చరిక. అయితే ఇంటి ఖర్చును గురించి మాట్లాడే హక్కు ఆ ఇల్లాలికి ఉండేదా? నెల్లూరు జిల్లా మహిళలు ఆ హక్కును పోరాడి సాధించుకున్నారు.

1990వ దశకం ఆరంభంలో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగింది. రాత్రి బడికి వచ్చిన శ్రామిక స్త్రీలు అక్షరాలతోపాటు తమ ఇంటి లెక్కలను కూడా చర్చించుకున్నారు. భర్తల కూలి డబ్బు సారా దుకాణానికి చేరుతుంటే పిల్లలు పస్తులుంటున్నారని గ్రహించారు. ఎవరి ఇంట్లో వారు దిగమింగుకొన్న దుఃఖం ఊరందరి సమస్య అయింది. దూబగుంట మహిళలు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. 1992లో ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది.

మిగిలిన ధనాన్ని నిలుపుకోవడం తరువాతి మెట్టు. 'పొదుపులక్ష్మి' పేరుతో స్త్రీలు సంఘాలుగా ఏర్పడి రోజుకొక్క రూపాయి చొప్పున కూడబెట్టారు. పదిహేనుమంది ఉన్న సంఘంలో ఏడాదికి 5,475 రూపాయలు జమ అవుతాయి. అందులోనుండి అవసరమైన సభ్యురాలికి అప్పు ఇస్తారు. నూటికి నెలకు 5 రూపాయల వడ్డీకి బయట వెయ్యి రూపాయలు తెస్తే, ఏడాదికి వడ్డీయే 600 రూపాయలవుతుంది. సంఘంలో 2 రూపాయల వడ్డీ అనుకుంటే 240 రూపాయలే. అది కూడా తమ నిధికే చేరుతుంది. బిడ్డ వైద్యం ముందా, విత్తనాల కొనుగోలు ముందా, పెళ్ళి ఆడంబరం ముందా అని అందరూ కలిసి ఆలోచించి అప్పు మంజూరు చేయాలి. ఈ ఆలోచనయే ఆర్థిక వివేకానికి పునాది.

1995లో విధించిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింది. పొదుపు సంఘాలు మాత్రం ఊరూరా విస్తరించాయి. శాసనం మారవచ్చుగాని, కలిసి కూర్చొని లెక్క చూసుకునే అలవాటు మనుషులలో నిలిచిపోతుంది.

పొదుపు అంటే పిసినారితనం కాదు. పిసినారి అవసరానికి కూడా వెచ్చించడు. వివేకి అవసరానికి వెనుదీయడు, ఆడంబరానికి ముందుకు రాడు. ఇంటి ఆదాయవ్యయాలను తల్లిదండ్రులతో కలిసి తెలుసుకోవడం విద్యార్థికి కూడా కర్తవ్యమే. తన చదువుకు అయ్యే ప్రతి రూపాయి వెనుక ఎవరి శ్రమ ఉన్నదో అప్పుడే అతనికి బోధపడుతుంది.