డౌన్ సిండ్రోమ్ కుటుంబ సదస్సులు – చిన్నపిల్లల భాగస్వామ్యం

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• కుటుంబ సదస్సు వైద్య సదస్సుకంటే ఎలా భిన్నమైనదో వివరించగలుగుతారు.
• పిల్లల కోసం చేసే ఏర్పాట్లను బట్టి సదస్సుకు ఎవరు రాగలరన్నది ఎలా తేలుతుందో చెప్పగలుగుతారు.
• పిల్లల ఆరోగ్యం, భద్రత, తోబుట్టువుల అవసరాల దృష్ట్యా తీసుకోవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

1. ప్రస్తావన

డౌన్ సిండ్రోమ్ అంటువ్యాధి కాదు, ఎవరి తప్పువల్లా వచ్చేది కాదు. శరీర కణాల్లో 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండటం వల్ల ఏర్పడే జన్యుస్థితి ఇది. దీని లక్షణాలను 1866లో ఇంగ్లండుకు చెందిన వైద్యుడు జాన్ లాంగ్‌డన్ డౌన్ వర్ణించాడు. అదనపు క్రోమోజోమ్ దీనికి కారణమని 1959లో ఫ్రాన్సులో జెరోమ్ లెజూన్, ఆయన సహచరులు ప్రకటించారు. 21వ క్రోమోజోమ్ మూడు ఉంటాయన్న గుర్తుగా మూడో నెల 21వ తేదీని, అంటే మార్చి 21ని, ఐక్యరాజ్యసమితి 2012 నుంచి ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా పాటిస్తోంది.

ఈ వివరాలు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి. అయితే బిడ్డ పుట్టిన ఇంట్లో వినిపించే ప్రశ్నలు వేరు. “వీడు ఎప్పటికి నడుస్తాడు? మాటలు వస్తాయా? బడిలో చేర్చుకుంటారా? మా తరవాత వీణ్ణి ఎవరు చూస్తారు?” వీటికి వైద్యుడు కొంతవరకే సమాధానం చెప్పగలడు. మిగిలినది అదే దారిలో పదేళ్లు, ఇరవై ఏళ్లు ముందు నడిచిన కుటుంబాలు చెప్పాలి. కుటుంబ సదస్సుల అవసరం ఇక్కడి నుంచే వచ్చింది.

2. కుటుంబ సదస్సు స్వరూపం

వైద్య సదస్సులో నిపుణులు నిపుణులతో మాట్లాడతారు. కుటుంబ సదస్సులో నిపుణులు ఉన్నా, తల్లిదండ్రులు, తోబుట్టువులు, డౌన్ సిండ్రోమ్ ఉన్న వ్యక్తులు కూడా వక్తలే. అమెరికాలో 1973లో ఏర్పడిన నేషనల్ డౌన్ సిండ్రోమ్ కాంగ్రెస్ ఏటా ఇటువంటి సదస్సు నిర్వహిస్తోంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న యువజనులకు, తోబుట్టువులకు అందులో వేరుగా కార్యక్రమాలు ఉంటాయి. ప్రపంచ డౌన్ సిండ్రోమ్ మహాసభ 2015లో మన పొరుగున చెన్నైలో, 2018లో గ్లాస్గోలో, 2024లో బ్రిస్బేన్‌లో జరిగింది. ఇంత పెద్దవి కాకపోయినా జిల్లా కేంద్రంలో ముప్పై కుటుంబాలు ఒకరోజు కలుసుకున్నా అది కుటుంబ సదస్సే. మీలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ప్రత్యేక విద్య ఉపాధ్యాయులు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారు ఉంటారు. అటువంటి సమావేశాన్ని నిర్వహించే బాధ్యత మీ మీదే పడవచ్చు.

3. పిల్లలు రాకపోతే ఎవరు రాలేరు?

“పెద్దలు మాత్రమే రావాలి” అని ఆహ్వానపత్రంలో రాశారనుకోండి. చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. బిడ్డను కనిపెట్టుకుని తల్లి ఇంట్లో ఉండిపోతుంది, తండ్రి ఒక్కడే వస్తాడు. బిడ్డకు అన్నం తినిపించడం, వ్యాయామాలు చేయించడం, రాత్రిళ్లు మేలుకోవడం ఎక్కువగా తల్లి పని. ఏం అడగాలో ఆమెకే తెలుసు. తండ్రి కాగితాల మీద రాసుకువెళ్లిన సమాధానాలు ఆమె ప్రశ్నలకు సరిపోకపోవచ్చు. అందువల్ల పిల్లల గది ఏర్పాటును భోజనాల ఏర్పాటులాంటి అదనపు సౌకర్యంగా భావించకూడదు. తల్లి రావడం, రాకపోవడం దాని మీదే ఆధారపడి ఉంది.

రెండో కారణం తల్లిదండ్రుల ఊహకు సంబంధించినది. అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం 1983లో సుమారు 25 ఏళ్లు. ఇప్పుడు సుమారు 60 ఏళ్లు. గుండె శస్త్రచికిత్సలు అందుబాటులోకి రావడం, సంస్థల్లో వదిలివేయకుండా ఇంట్లోనే పెంచడం ఇందుకు ముఖ్య కారణాలు. అయినా ఏడాది బిడ్డను ఎత్తుకున్న తల్లికి ఇరవై అయిదేళ్ల డౌన్ సిండ్రోమ్ యువతి ఎలా ఉంటుందో తెలియదు, ఎప్పుడూ చూసి ఉండదు. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర అటువంటి యువతి పేరు అడిగి బ్యాడ్జి అందిస్తే, ఆ తల్లి తన ఒళ్లోని బిడ్డను కొత్తగా చూస్తుంది.

మూడో కారణం హక్కు. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 7వ అధికరణం వైకల్యం ఉన్న పిల్లలకు ఇతర పిల్లలతో సమానంగా తమ అభిప్రాయం చెప్పే హక్కును గుర్తించింది. తన గురించి జరిగే సభలో బిడ్డకూ చోటు ఉండాలి.

4. బిడ్డ వింటున్నాడని గుర్తుంచుకోండి

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామందికి మాట్లాడగలిగినదానికంటే అర్థమయ్యేది ఎక్కువ. నాలుగేళ్ల బిడ్డకు పది మాటలే వచ్చి ఉండవచ్చు. కాని వేదిక మీద “మా బతుకు ఇలా అయిపోయింది” అని తల్లి ఏడ్చినప్పుడు, అది తన గురించేనని ఆ బిడ్డ గ్రహించగలడు. తల్లిదండ్రులు దుఃఖం చెప్పుకోవడం అవసరమే. దానికి పిల్లలు లేని గది, వేరే సమయం కేటాయించాలి. పిల్లల్ని వేదిక మీదికి పిలిచి లక్షణాలు చూపించడం, అనుమతి లేకుండా ఫొటోలు తీయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

5. ఆరోగ్యం, భద్రత

అ) ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది. మందులు, డిశ్చార్జి కాగితాలు వెంట ఉంచుకోమని కుటుంబాలకు ముందే తెలపాలి.
ఆ) శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు వీరికి తేలిగ్గా సోకి, తీవ్రం కావచ్చు. జ్వరం, దగ్గు ఉన్న పిల్లలు, ఇటీవల ఆపరేషన్ అయినవారు రాకపోవడమే మంచిది. వారికి సదస్సు విషయాలు తరవాత అందజేయాలి.
ఇ) కొందరిలో మెడ పైభాగపు ఎముకల కీలు వదులుగా ఉంటుంది. పిల్లల గదిలో పిల్లిమొగ్గలు, ట్రాంపొలిన్ వద్దు.
ఈ) కండరాల బిగువు తక్కువ కావడం వల్ల కొందరికి మింగడం కష్టం. వేరుశనగలు, గట్టి చిరుతిళ్లు పంచకూడదు. ఏం పెట్టవచ్చో తల్లినే అడగాలి.
ఉ) కొందరు పిల్లలు చెప్పకుండా చేయి వదిలించుకుని పరుగెత్తుతారు. తలుపు దగ్గర ఒక మనిషి, బిడ్డ చేతికి ఫోన్ నంబరున్న పట్టీ, అప్పగించినవారికే తిరిగి అప్పగించే నియమం తప్పనిసరి.
ఊ) వినికిడి లోపం చాలామందిలో ఉంటుంది. విన్నదానికంటే చూసినది వీరికి బాగా పట్టుబడుతుంది. “ఇప్పుడు ఆట, తరవాత అన్నం, తరవాత అమ్మ” అని బొమ్మలతో గోడకు అంటిస్తే కంగారు తగ్గుతుంది.

ప్రయాణ ఖర్చు కూడా ఆలోచించవలసినదే. మేధో వైకల్యం వల్ల తోడు లేకుండా ప్రయాణించలేని వారికి, వెంట వెళ్లే ఒకరికి మామూలు రైళ్ల స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో 75 శాతం రాయితీ ఉంది. ఇందుకు రైల్వే నమూనాలో వైద్య ధ్రువపత్రం కావాలి. ఈ సమాచారాన్ని ఆహ్వానంతోపాటే పంపండి.

6. అన్నలు, అక్కలు, చెల్లెళ్లు

సదస్సుకు వచ్చే పిల్లల్లో సగం మందికి డౌన్ సిండ్రోమ్ ఉండకపోవచ్చు. వారు తోబుట్టువులు. “తమ్ముణ్ణి చూసుకో” అన్న మాట వారు రోజూ వింటారు. సదస్సులోనూ అదే పని అప్పగిస్తే వారికి ఆ రోజు సెలవు కాదు. అమెరికాలోని సియాటిల్‌లో డాన్ మేయర్ రూపొందించిన సిబ్‌షాప్ పద్ధతిలో తోబుట్టువులు ఆటల మధ్య తమ సంతోషాలు, చిరాకులు, సందేహాలు తోటివారితో పంచుకుంటారు. మీ సదస్సులో ఒక గంటైనా ఇటువంటి వీలు కల్పించండి. “మా తరవాత ఎవరు?” అన్న ప్రశ్న చివరికి వీరిని చేరుతుంది. దాని గురించి వీరితో ఎవరూ మాట్లాడకపోవడం న్యాయం కాదు.

7. సారాంశం

కుటుంబ సదస్సు విలువ వేదిక మీది ఉపన్యాసాలతోనే తేలదు. పిల్లలకు చోటు ఉంటే తల్లి వస్తుంది, తోబుట్టువు వస్తాడు, చిన్నబిడ్డ తల్లిదండ్రులు ఎదిగినవారిని చూస్తారు. ఆరోగ్యం, భద్రత, మాటల్లో మర్యాద అనే మూడింటినీ ముందే ఆలోచిస్తే చిన్నపిల్లలు సభకు అడ్డంకి కారు. తీసుకురావాలా, వద్దా అనే తుది నిర్ణయం మాత్రం కుటుంబానిదే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. “పెద్దలు మాత్రమే” అనే నియమం తల్లుల హాజరును ఎలా ప్రభావితం చేస్తుంది?
2. పిల్లల గదిలో పాటించవలసిన నాలుగు జాగ్రత్తలను కారణాలతో రాయండి.
3. మీ మండలంలో పది కుటుంబాలకు ఒకరోజు సమావేశం ఏర్పాటు చేయాలి. తల్లిదండ్రులు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు, తోబుట్టువులు ఏ సమయంలో ఎక్కడ ఉంటారో చూపుతూ ఒక పట్టిక తయారుచేయండి.