సాఫ్ట్‌వేర్ ఉచితం, మరి నడిపేదెవరు?

పాఠాల నోట్సు, అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, ఇంటర్నల్ మార్కులు అన్నిటినీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్‌ని లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, పొట్టిగా ఎల్‌ఎంఎస్ అంటారు. కాలేజీ దాన్ని కొనుక్కోవచ్చు, లేదా మూడిల్, కాన్వాస్, సకాయ్, ఓపెన్ ఎడెక్స్ లాంటి ఓపెన్ సోర్స్ వాటిలో ఒకటి తెచ్చి పెట్టుకోవచ్చు. ఎంపిక కమిటీలు మామూలుగా పట్టిక గీసి, ఏ సౌకర్యం దేనిలో ఉందో టిక్కులు పెట్టుకుంటూ పోతాయి. ఆ పట్టికతో తేలేది తక్కువ. ఏళ్ల తరబడి ఒకదాన్ని చూసి ఒకటి ఎదిగినవి కాబట్టి ముఖ్యమైన సౌకర్యాలు ఇంచుమించు అన్నిటిలోనూ ఉంటాయి. ముందు తేల్చుకోవలసినవి రెండు. రేపు వద్దనుకుంటే మన పాఠాలు, ప్రశ్నలు పట్టుకుని బయటికి రాగలమా? రోజూ దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి మనకున్నాడా?

మొదటి ప్రశ్న ఎందుకంత ముఖ్యమో గతం చెబుతుంది. కెనడాలో పుట్టిన వెబ్‌సీటీని ఒకప్పుడు ఎన్నో విశ్వవిద్యాలయాలు వాడేవి. 2006లో దాన్ని పోటీ కంపెనీ బ్లాక్‌బోర్డ్ సొంతం చేసుకుంది. కొన్నేళ్లకు ఆ ఉత్పత్తి ఆగిపోయింది, వాడుతున్నవాళ్లు ఇష్టమున్నా లేకున్నా మారాల్సి వచ్చింది. కంపెనీల షరతులూ ఇలాగే మారిపోవచ్చు: విద్యాసంస్థలకు అపరిమిత స్టోరేజీ ఇచ్చిన గూగుల్, ఇకపై సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లేనని 2021లో ప్రకటించింది. 2002లో ఆస్ట్రేలియాలో విడుదలైన మూడిల్‌కి ఉన్న, ఎవరైనా వాడుకుని మార్చుకునే వీలిచ్చే జీపీఎల్ లైసెన్సు ఇలాంటి చోటే అక్కరకొస్తుంది. నడిపే కాంట్రాక్టరు నచ్చకపోతే కాంట్రాక్టరునే మార్చుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ జోలికి పోనక్కర్లేదు. పైగా ఒకరి శ్రమ అందరికీ అందుతుంది. 2005లో మూడిల్‌ని ఎంచుకున్న బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ, అందులో క్విజ్ ప్రశ్నలను నడిపే భాగాన్ని తిరగరాసింది. 2011లో వచ్చిన 2.1 వెర్షన్‌తో అది అందరిదీ అయింది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న కాలేజీ కూడా పైసా కట్టకుండా దాన్ని వాడుకోవచ్చు.

అయితే లైసెన్సుకు డబ్బు కట్టనక్కర్లేదంటే ఖర్చే లేదని కాదు. మూడిల్‌లో క్రాన్ అనే పని నిమిషానికోసారి తెరవెనుక నడవాలి. అది ఆగిపోయినా సైటు మామూలుగానే తెరుచుకుంటుంది. కానీ ఫోరం మెయిళ్లు వెళ్లవు, గడువు దాటిన క్విజ్‌లు వాటంతటవి సబ్మిట్ కావు. కనిపెట్టే మనిషి లేకపోతే పరీక్ష రోజున గానీ ఆ సంగతి బయటపడదు. ఏటా రెండు కొత్త వెర్షన్లు వస్తాయి. దీర్ఘకాలం నిలిచే వెర్షన్‌కైనా భద్రతా సవరణలు మూడేళ్లే అందుతాయి. ఆ తర్వాత అప్‌గ్రేడ్ చెయ్యక తప్పదు. బ్యాకప్ తీయడమే కాదు, తీసింది తిరిగి పని చేస్తోందో లేదో చూడటమూ ఎవరో ఒకరి పనిగా ఉండాలి.

పరీక్షించడం కూడా డెమో గదిలో చేస్తే సరిపోదు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లో, చవక ఫోన్‌తో చదువుకునే విద్యార్థి చేతికిచ్చి చూడాలి. మూడిల్ యాప్‌లో నెట్ లేకుండా కూడా క్విజ్ రాసుకోవచ్చని పట్టికలో టిక్కు పడుతుంది. వాడి చూస్తే గానీ తెలియని మెలిక ఒకటుంది: క్విజ్‌కి కాలపరిమితి పెడితే అది నెట్ లేకుండా నడవదు. మన ఇంటర్నల్ పరీక్షలు గడియారం చూసి రాయించేవే కదా! అలాగే ఒక కోర్సు మొత్తం ఎగుమతి చేసి మరో ఎల్‌ఎంఎస్‌లోకి దించి, ఏది వచ్చిందో ఏది జారిపోయిందో సంతకాలు కాకముందే చూసుకోవాలి.

చిన్న కాలేజీకి ఇంత బరువెందుకు, డబ్బు కట్టి కంపెనీకి అప్పగిస్తే పోదా అని అడగవచ్చు. అడగాల్సిన మాటే. సిబ్బంది బొత్తిగా లేనిచోట సొంత సర్వర్ పెట్టడం దుస్సాహసం. కానీ ప్రతి కాలేజీ విడివిడిగా మోయాలన్న నియమమేమీ లేదు. విశ్వవిద్యాలయమే ఒక మంచి బృందాన్ని పెట్టుకుని అనుబంధ కాలేజీలన్నిటికీ కలిపి నడపవచ్చు. అది కుదరకపోతే ఓపెన్ సోర్స్‌నే బయటి సంస్థకు కాంట్రాక్టుకివ్వవచ్చు. కంపెనీకి కట్టే డబ్బుతో ఏడాది వాడుక దక్కుతుంది. మనవాళ్లకు నేర్పించడానికి పెట్టే డబ్బుతో నైపుణ్యం కాలేజీలోనే మిగులుతుంది. అందుకే కమిటీ సౌకర్యాల పట్టిక తెరవకముందే ఎల్‌ఎంఎస్‌ని రోజూ కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి జీతాన్ని, అధ్యాపకుల శిక్షణ ఖర్చును బడ్జెట్‌లో రాయించాలి. ఆ రెండు పద్దులూ ఖాయమయ్యాక ఒక సెమిస్టర్, ఒక విభాగంలో నడిపి చూసి నిర్ణయించుకుంటే, ఎంచుకున్నది ఏదైనా నిలబడుతుంది.