పాడిపశువు – మూత్రపరీక్ష

మన యిండ్లలో పాడి యనునది చాలవఱకు స్త్రీల చేతిలోనిది. గేదె యీని రెండు మూడు వారములు గడచి, పాలు సమృద్ధిగా నిచ్చుచున్న సమయమున, మూత్రము కాఫీ కషాయము వలె నల్లబడినచో కొందఱు వేడి చేసినదందురు. కొందఱు దృష్టిదోష మందురు. ఈ తర్కములలో రెండు దినములు గడచిన పశువు దక్కకపోవచ్చును. అట్టి వేళ సీసాడు మూత్రము మనకేమి చెప్పగలదో తెలిసికొనుట మేలు.

మొదట దానిని పట్టు విధము. గాజుసీసాను సబ్బు మిగులకుండ కడిగి యారబెట్టవలెను. మానము క్రింది చర్మమును మెల్లగా నిమిరినచో పశువు సాధారణముగా మూత్రము విడుచును. తొలిధార పోనిచ్చి నడిమిధార పట్టవలెను. పేడ పడినది పనికిరాదు. అరగంటలో పరీక్షించుట యుత్తమము. ఆలస్యమగునెడల మూత బిగించి ఫ్రిజ్జులో నుంచవలెను. నిలువయున్న మూత్రములో సూక్ష్మజీవులు పెరుగును, రక్తకణములు పగులును, ఫలితము మాఱును.

ఆసుపత్రిలో పరిచారకులు మొదట రంగుపట్టీని ముంచి చూతురు. కాని రక్తము పడినను, రక్తములోని రంగు మాత్రమే దిగినను పట్టీ యొకే తీరున మాఱును. కావున మూత్రమును యంత్రములో వేగముగా త్రిప్పుదురు. ఎఱుపు అడుగునకు దిగి పైభాగము తేటపడినచో రక్తకణములు మూత్రమార్గమున పడుచున్నవన్నమాట. తేటపడనిచో సాధారణముగా అవి శరీరములోనే పగులుచున్నవని యర్థము. ఈనిన గేదెకు భాస్వరము తగ్గుటవలన నిట్లగును. పిడుదులు తెచ్చు బబేసియా రోగమునను నిట్లే యగును. ఈ రెంటిని మూత్రము వేఱుచేయలేదు. జ్వరము చూచి, రక్తమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, రక్తములోని భాస్వరమును కొలిచి వైద్యుడు నిర్ణయించును.

ఈనిన యావు దాణా మాని, చిక్కి, పాలు తగ్గించినచో మఱియొక పరీక్ష కలదు. 1908లో రోథెరా ప్రకటించిన పద్ధతిననుసరించి చేయు పొడిపై మూత్రపుచుక్కలు వేయగా ఊదారంగు వచ్చినచో, మేత చాలక ఒంటి క్రొవ్వు కరగుచున్నదని గ్రహింపవలెను. అయినను క్రొత్తగా ఈనిన మంచి పశువునకును లేతరంగు రావచ్చును. పశువు స్థితిని చూడక రంగునొక్కదానినే నమ్మరాదు.

మఱియొక మాట: ఆవుగేదెల మూత్రము సహజముగా క్షారగుణము కలది, కుక్కపిల్లులది సాధారణముగా ఆమ్లగుణము కలది. ఒకదాని కొలతతో మఱియొకదానిని తూచరాదు.

కావున రంగు చూచి నాటుమందు పోయకుడు. సీసాపై ఈనిన దినమును, మూత్రము పట్టిన వేళను వ్రాసి వెంటనే పశువైద్యునికడకు పంపుడు. ఆ చిన్న శ్రద్ధయే ఇంటి పాడిని నిలుపును.